ఫోన్‌లో ఇరుక్కున్న కేక కోసం మూడు రోజులు

చెప్పేది నేను, రాసేది మా మనవరాలు లావణ్య. నా మాట ఉన్నదున్నట్టు రాస్తే మా చంద్రశేఖరపురం వైపు వాళ్ళు తప్ప ఎవరూ చదవలేరని, కాస్త సర్ది రాస్తానంది. సరే అన్నాను. దారిలో ఎవరు ఏ మాట అన్నారో ఆ మాట మాత్రం మార్చొద్దన్నాను.

నేను తిరిగిన ఊళ్ళు దూరమేమీ కావు. మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల. మ్యాపులో అరచెయ్యి పెడితే మూడూ దాని కిందికే వస్తాయని లావణ్య నవ్వుతోంది. నవ్వనీ. ఇన్నేళ్ళు బతికి నేను ఇంతగా నోరు తెరిచింది ఆ మూడు రోజుల్లోనే. పగలకుండా, నీళ్ళలో పడకుండా, చక్కగా వెలుగుతున్న ఫోను కూడా చచ్చిపోతుందని మీకు తెలుసా? నాకు తెలియదు.

మా దొడ్డి దగ్గర

మాకు గొర్రెల మంద ఉంది. మా ఆయన చిన్నప్పటినుంచి గొర్రెల వెంటే తిరిగాడు. ఆయన ఒక కేక వేస్తాడు. "ట్ర్ర్ర్... హా హా హోయ్... దా దా దా!" ఆ కేక వింటే చాలు, ఎంత దూరాన మేస్తున్నా తలలు ఎత్తి వచ్చేస్తాయి. ఇంకెవరు అదే కేక వేసినా వినవు. మా కొడుకు శీను గొంతు పోయేలా అరిచినా, నల్లచెవుల గొర్రె ఒకసారి వాడి వైపు చూసి మళ్ళీ గడ్డిలో మూతి పెడుతుంది. ముందు నడిచేది అదే. అది కదలకపోతే మంద కదలదు.

రెండేళ్ళ క్రితం మా ఆయనకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం ఉంటుంది, మాట మాత్రం ఉండదని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రికి బయలుదేరే రోజు ఆయన దొడ్డి దగ్గర నిలబడి, ఫోన్‌లో మధ్య బటన్ నొక్కి పట్టుకొని, ఆ కేక మూడుసార్లు వేశాడు. బటన్ వదిలాడు. అది మెసేజీగా ఆయన తమ్ముడు కోటయ్యకు పోయింది. మందలో సగం అప్పటికే కోటయ్య దోర్నాల వైపు మేపుకు తోలుకుపోయి ఉన్నాడు. ఆ గొర్రెలకూ ఈ గొంతే అలవాటు.

ఆ ఫోన్‌లో మా ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. నొక్కి పట్టి మాట్లాడడం, వదిలేయడం. మాట దాచుకోవడానికి వేరే రికార్డర్ ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ తర్వాత ఆయన పలక పట్టుకున్నాడు. ఏదైనా కావాలంటే పలక మీద రెండు ముక్కలు రాస్తాడు. మందకు మాత్రం ఫోనే గొంతు. పొద్దు వాలగానే శీను ఆ ఫోను పైకెత్తి కేక వినిపించేవాడు. అవి వచ్చేసేవి. శీనుకు ఒక టచ్ ఫోను ఉంది. కాని ఎండలో దాని తెర కనిపించదు, చెమట వేలికి పలకదు, దాని మోత చూస్తే దోమ పాట. ఈ బటన్ల ఫోను అట్లా కాదు. చార్జింగ్ మూడు రోజులు ఆగుతుంది, ఎన్నిసార్లు కింద పడ్డా లేస్తుంది, గొంతేమో మైకు.

ఒక బుధవారానికి ముందు నాలుగు రోజుల మాట. శీను మెసేజీలు తెరిస్తే తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. లావణ్య చదివింది.

"అవ్వా, ఈ యాప్ ఇంక ఈ ఫోన్‌లో పనిచేయదంట."

"ఎవురు చెప్పినారు?"

"యాపే చెప్తాంది."

ఆ నాలుగు సాయంత్రాలు మంద చెల్లాచెదురైంది. పక్క చేను రైతు వచ్చి, "ఇంకోసారి నా కందిలో అడుగుపెడితే తోలుకపోయి బందెలదొడ్లో కట్టేస్తా," అని అరిచి పోయాడు. ఒక చూలు గొర్రె రోడ్డెక్కి లారీ కింద పడింది. బుధవారం శీను కంచం ముందు కూర్చుని, తినకుండానే చెప్పాడు.

"మందను అమ్మేద్దాం మా. బేరగాడికి నోటిమాట ఇచ్చినా. ఆదివారం లారీ తెస్తాడు."

మా ఆయన పలక తీసుకుని ఒకే ముక్క రాశాడు. "వద్దు." శీను తల దించుకున్నాడు. ఆయన అదే ముక్క మీద మళ్ళీ మళ్ళీ బలపం దిద్దుతూ కూర్చున్నాడు. ఆ కిరకిర నేను వినలేకపోయాను.

"ఆదివారం లోపల నేను పోయి ఫోను బాగు చేయించుకోనొస్తా," అన్నాను.

"నీకేం తెలుసు మా ఫోన్ల సంగతి?"

"బస్సెక్కడం తెలుసు."

మార్కాపురం: సొరుగు నిండా బాగున్న ఫోన్లు

రెండు బస్సులు మారి, గురువారం పొద్దెక్కేసరికి మార్కాపురంలో దిగాను. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ముప్పై రూపాయలు! మా వైపు బొరుగులంటే పిల్లలు ఏడిస్తే గుప్పెట్లో పెట్టేవి. వీళ్ళు వాటిని నానబెట్టి, తాలింపు వేసి, ప్లేటులో పెట్టి టిఫిను అంటారు. రుచి మాత్రం బాగుంది. అబద్ధం చెప్పను, రెండో ప్లేటు కూడా తిన్నాను.

అడిగి అడిగి మస్తాన్ దుకాణానికి చేరాను. నలభై దాటిన మనిషి, కళ్ళకు అద్దం బిగించుకుని ఒక ఫోను పొట్ట కోసి కూర్చున్నాడు. నా ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. లైటు వేశాడు, రేడియో పెట్టాడు, తన నంబరుకు ఫోను చేశాడు. అన్నీ పలికాయి.

"ఫోనుకు ఏం కాలే పెద్దమ్మా. రాయి మాదిరి ఉంది."

"మరి మెసేజీలు?"

"అవి రావు. ఇంక రావు."

"పార్టేదన్నా మార్చు నాయనా. ఖర్చుకు వెనకాడను."

"మార్చేదానికి పార్టు పోలేదు. మనుషులు పోయినారు."

ఎవరు పోయారో అనుకున్నాను. మస్తాన్ నవ్వి, స్టూలు నా వైపు జరిపాడు.

"ఈ ఫోనును లోపల నడిపించేది ఒకటుంటది పెద్దమ్మా. దాన్ని చేసిన కంపెనీ వేరే. మెసేజీలోళ్ళు వేరే. ఆ నడిపించేది చోటిచ్చింది, మెసేజీలోళ్ళు అందులో దుకాణం పెట్టినారు. ఇప్పుడు గిట్టలేదని మూసుకుని పోయినారు. చోటట్లనే ఉంది, దుకాణం లేదు."

"మేమింకా ఉండాం కదా! మమ్మల్ని అడగొద్దా?"

"ఎవురడుగుతారు?" అని అతను బల్ల కింద సొరుగు లాగాడు. అది చూసి నేను నిజంగా నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. నిండా ఫోన్లు. కొన్నిటికి తెర మీద కాగితం కూడా ఊడదీయలేదు.

"ఇవన్నీ పాడైనవా?"

"ఒక్కటి గూడ పాడు కాలే. అదే చోద్యం." అతను ఒక్కొక్కటే తీసి చూపించాడు. "ఇది శానా చవగ్గా వచ్చింది. తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా పడేవి. మనోళ్ళు ఊరికే ఇచ్చినా వద్దన్నారు. ఇది చూడు, టచ్ ఫోనే. లోపల నడిపించేది బలిసిన ఎద్దు, ఫోను లేగదూడ. నంబరు నొక్కితే మనం టీ తాగొచ్చినంక మోగుతది. ఇదేమో అన్నిట్లో మంచిది, దీన్ని చేసినోడికి దండం పెట్టొచ్చు. కానీ మెసేజీల యాపు రాలే దీంట్లోకి. వచ్చినోడల్లా 'మెసేజీలు వస్తాయా?' అంటాడు, రావంటే అక్కడ పెట్టేసి పోతాడు."

"ఒక్కటి లేకపోతే అన్నీ దండగా?"

"ఆ ఒక్కటీ ఎందుకు రాలేదో తెల్సా? కొన్నోళ్ళు తక్కువని. కొన్నోళ్ళు ఎందుకు తక్కువ? ఆ ఒక్కటీ లేదని."

నాకు వెంటనే ఎక్కడో చూసినట్టే అనిపించింది. మా పక్క ఊళ్ళో గొర్రెల సంత పెట్టాలని ఒకప్పుడు చూశారు. గుంజలు పాతారు, నీళ్ళ తొట్లు కట్టారు. బేరగాళ్ళు లేరని గొర్రెలోళ్ళు రాలేదు, గొర్రెలు లేవని బేరగాళ్ళు రాలేదు. గుంజలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట చెబితే మస్తాన్ అద్దం తీసి నా వైపు చూశాడు.

"మా నాయన పలకలకు చట్రాలు బిగించేటోడు పెద్దమ్మా. మార్కాపురం పలక ఏడ బడుంటే ఆడికి పోయేది. అది పాడైందనా జనం మానేసినారు? బడోళ్ళు అడగడం మానేసినారు, అంతే. మా నాయన, పలకలో ఏం తప్పుందిరా అని పొయ్యేదాకా అడిగినాడు. ఏం తప్పని చెప్పేది?"

నేను మా ఆయన కోసం ఒక కొత్త పలక ఎక్కడ దొరుకుతుందని అడిగాను. అతను లేచి, వెనక అలమరలోనుంచి తన తండ్రి బిగించిన పలక ఒకటి తీసి నా సంచిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

"గిద్దలూరులో కరుణ అని ఒకామె ఉంది. ఇట్లాంటి ఫోన్ల లోపల ఉండేది బయటికి లాగుతది. రేపు పో," అని దుకాణం గుర్తులు చెప్పాడు. ఆ పూట మా అక్క కూతురింట్లో పడుకున్నాను.

రైల్లో, మనవడి ఫోటోలు

గిద్దలూరుకు రైల్లో పోయాను. నా ఎదురుగా నిమ్మకాయల గంప పెట్టుకుని ఒకామె కూర్చుంది. తన టచ్ ఫోన్‌లో ఏదో నొక్కుతూ, కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరైనా పోయారేమోనని అడిగాను.

"ఎవురూ పోలేదక్కా. కొత్తది ఎక్కించుకోమంటది, చోటు లేదంటది. ఏదోకటి తీసెయ్యాల. మా మనవడు పాకేటప్పటి ఫోటోలు తీసేస్తాండా."

"ఫోను కొన్నెప్పుడు?"

"మొన్న ఉగాదికి."

ఏడాది తిరగలేదు! చోటంతా ఏమైందని అడిగితే, తెర నిండా ఆమె ఎన్నడూ తెరవని బొమ్మలు చూపించింది. ఆటలు, లోన్లు, వాతావరణం. కొన్నప్పుడే వాటంతట అవి ఉన్నాయట, తీద్దామంటే రావట. ఇల్లు అద్దెకు తీసుకుంటే గదుల్లో ఓనరు సామాన్లే ఉన్నట్టు! మా ఇంట్లో అయితే మంచం ఎత్తి బయట పడేస్తాం. ఆమె మాత్రం పాకే మనవణ్ణి ఒక్కొక్కటిగా తీసేసి, కంభం వచ్చేసరికి ముక్కు చీదుకుని, నాకు రెండు నిమ్మకాయలిచ్చింది.

గిద్దలూరు: కరుణ దుకాణం

కరుణ అంటే నేను ఏ పెద్దామో అనుకున్నాను. పాతికేళ్ళ పిల్ల. తలలో కనకాంబరాలు, చేతిలో పొగ వచ్చే సూది. ఆ సూదితో వెంట్రుకంత తీగను ఇంకో తీగకు అతికిస్తోంది. మా ఊళ్ళో ఆడపిల్ల మోటారుకు ఫ్యూజు వేస్తేనే పదిమంది గుమిగూడతారు. ఇక్కడ ముగ్గురు మగాళ్ళు నోరు మూసుకుని ఆమె ముందు క్యూలో నిలబడ్డారు.

నా కథంతా విని, ఫోను కంప్యూటరుకు తగిలించింది. కాసేపటికి ఆమె మొహం మారింది.

"అవ్వా, ఈ ఫోనును ఎవురన్నా మొత్తం తుడిచేసినారా?"

"రోజూ కొంగుతో నేనే తుడుస్తా."

"అట్ల కాదు. లోపలిది. కొన్నప్పుడు ఎట్లుండెనో అట్ల చేసేసినారు. మెసేజీలన్నీ పోయినాయి."

కరుణ నీళ్ళిచ్చింది. తాగి, ఆ ఫోనుతోనే శీనుకు చేశాను.

"ఒరేయ్ శీనా, ఫోనును ఏం జేసినావురా?"

అవతల గొర్రెల గంటలు వినపడుతున్నాయి.

"రీసెట్ కొట్టినా మా. మళ్ళా మొదట్నుంచి మొదలైతే బాగైతదని ఎవురో చెప్తే... కొట్టినంక చూస్తే ఏం లేదు. నాయనతో ఎట్ల చెప్పేది? అందుకే అమ్మేద్దామన్నా."

తిట్టాలని నోరు తెరిచాను. వాడు ఏడుస్తున్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు.

"మీ నాయనకు చెప్పొద్దు. నేనొచ్చిందాక ఏం చెప్పొద్దు," అని పెట్టేశాను.

కరుణ సూది పక్కన పెట్టింది. "ముట్టుకోకుండా ఉంటే ఏదో ఒకటి చేసి చూసేదాన్నవ్వా. ఆ యాపుకు గడువుంటది. తెరిచినప్పుడల్లా ఫోన్‌లో తేదీ చూసుకుంటది. గడువు దాటిందనుకో, తెరవదు. తేదీ వెనక్కి తిప్పితే ఒకోసారి పాత మెసేజీల వరకు తెరుస్తది. ఇప్పుడు లోపలేం లేదు కదా, ఏం తెరిచేది?"

"అసలు ఇంతమంది కొన్నాక ఎట్ల మూసేస్తారమ్మా?"

"కొన్నోళ్ళు తక్కువేం కాదవ్వా. కానీ చవక ఫోను కొన్నోళ్ళు దాంట్లో ఇంకేం కొనరు. మీరు కొన్నారా ఏమన్నా?"

"మేమేం కొంటాం?"

"అదే మరి. యాపోళ్ళు ఈ ఫోనుకు వేరేగా వంట వండాల. రోజూ వండాల. తినేటోళ్ళు పైసా ఇయ్యరు. ఒక రోజు పొయ్యి ఆర్పేసినారు. ఈ ఫోను చేసినోళ్ళకేమో సొంత పొయ్యి లేదు." ఆమె ఫోను నా ముందుకు జరిపింది. "జనం దీన్ని ఎందుకు కొన్నారు? ఆ మెసేజీలు వస్తాయని. మాట్లాడితే రాసుకుంటదని. చదువు లేనోళ్ళకు అదే పెద్ద సుఖం. గెలిచిందీ దానివల్లే, ఓడిందీ దానివల్లే."

నేను లేవబోతుంటే ఆమె ఆగమంది.

"ఆ కేక ఎవురికి పంపినాడు మీ ఆయన?"

"మా మరిదికి. కోటయ్యకు."

"ఆయప్ప ఫోన్‌లో గూడ ఉండాలె కదా!"

ఉత్తరమైతే ఒక్క చోటే ఉంటుంది. రోజూ మా ఫోన్‌లో మోగుతుంటే, కేక మా దగ్గరే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రెండు చోట్లా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు! వెంటనే కోటయ్యకు చేశాం. స్విచ్ ఆఫ్. వాడి ఫోను ఎప్పుడూ అంతే.

"అదీ ఇదే ఫోనైతే ఈపాటికి మూసేసుకుని ఉంటది," అంది కరుణ. "అయినా పోయి చూడు. ఎవురినీ ముట్టనియ్యొద్దు. నెట్టు పెట్టొద్దు. కేక గిన దొరికితే ఇదిగో," అని నా ఫోన్‌లో రికార్డర్ ఎక్కడుందో చూపించింది. ఎర్ర చుక్క నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే ఆఖరు. నా చేత పదిసార్లు నొక్కించింది. ఇన్నాళ్ళూ అది అందులోనే ఉంది. పదిసార్లూ నన్ను నేనే తిట్టుకున్నాను, పదీ రికార్డయ్యాయి.

దోర్నాల: వేరే సంవత్సరంలో ఉన్న మనిషి

శనివారం పొద్దున మార్కాపురం మీదుగా దోర్నాల. శ్రీశైలం పోయే బస్సులు, కార్లు, కాలినడక భక్తులు. హోటలు బల్ల మీద కాఫీ చిన్న కప్పు ఇరవై! మా ఊళ్ళో ఆ గిన్నెతో పిల్లలకు మందు పోస్తారు. హోటలాయన కోటయ్యను ఎరుగుదునన్నాడు.

"గొంగడి కోటయ్యా? ఈ వెనక చేన్లోనే మంద కట్టినాడు పెద్దమ్మా. దా, చూపిస్తా." కోతులు తరమడానికి కర్ర పట్టుకుని తనే వెంట వచ్చాడు.

మంద కట్టడమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. గొర్రెలను రైతు చేలో ఉంచితే ఎరువు పడుతుంది, రైతు గింజలో డబ్బో ఇస్తాడు. కోటయ్య ఆ చేను గట్టున కూర్చుని చీపురు పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మొహం తెల్లబోయింది.

"వదినా! అన్నకేమైనా..."

"అన్న బాగుండాడు. నీ ఫోనేది?"

"ఉంది."

"ఆఫ్ ఎందుకు చేసినావు?"

"ఆఫ్ చెయ్యలే. బ్యాటరీ ఊడదీసినా. ఊరికే ఉంటే గూడ తింటది కదా చార్జింగు." నడుముకున్న గుడ్డ మూట విప్పాడు. అందులో ఫోను. పొగాకు డబ్బాలోంచి బ్యాటరీ తీశాడు. రెండేళ్ళుగా ఆ మనిషి మాట్లాడాలంటే బ్యాటరీ పెడతాడు, మాట అయిపోగానే తీసేస్తాడు! గడ్డపారను వాడి మూల పెట్టినట్టు. అన్న కేక వచ్చినాక నెట్టు మళ్ళీ వేయించనే లేదట.

ఫోను వెలిగింది. హోటలాయన తొంగి చూసి పకపకా నవ్వాడు.

"ఓ గొంగడయ్యా! ఏ సంవత్సరంలో ఉండావు నువ్వు? ఇది చూడు పెద్దమ్మా, తేదీ ఎన్నో ఏండ్లు వెనకుంది!"

బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఫోను తేదీ మరచిపోయి, పుట్టిన రోజుకు పోతుందట. కోటయ్య ఎన్నడూ సరిచేసుకోలేదు.

"తేదీతో నాకేం పని? అమాస పున్నమి ఆకాశంలో కనబడ్తాయి. గొర్రె ఈనేది కడుపు చూస్తే తెలుస్తది."

"ఇటియ్యి, నేను సరిచేస్తా," అని హోటలాయన చెయ్యి చాపాడు.

ఆ చేతి మీద నేను ఒక్కటిచ్చాను. గట్టిగానే తగిలింది. పెద్దమనిషి, హోటలు ఓనరు! ఆయన బిత్తరపోయి వెనక్కి జరిగాడు. నాకు కరుణ మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది. తేదీ చూసుకుంటుంది. గడువు దాటితే తెరవదు. కోటయ్య ఫోనుకు గడువు ఇంకా రాలేదు!

"కోటయ్యా, మెసేజీలు తెరువు. మెల్లగా."

తెరిచాడు. తెరుచుకున్నాయి. అన్న పంపిన ఆఖరి మెసేజీ అట్లాగే ఉంది. పైన చూస్తే చార్జింగ్ ఒక్క గీత.

హోటలాయన మంచివాడు, దెబ్బ మరచిపోయి తన టచ్ ఫోను తీశాడు. "నేను రికార్డు చేస్తా పెద్దమ్మా, నాది కొత్తది." నొక్కాడు. చోటు లేదంది. అందులో ఉన్నవన్నీ పొద్దున్నే ఒకరికొకరు పంపుకునే పూల బొమ్మలు, దేవుళ్ళ బొమ్మలు. ఆయన చెంపలేసుకుంటూ ఒక్కో దేవుణ్ణి తీసేస్తున్నాడు. కోటయ్య ఫోను కుయ్‌మంది. ఆ ఒక్క గీత ఎర్రబడింది.

నేను నా ఫోను తీశాను. చచ్చిపోయిందని అందరూ చెప్పిన ఫోను. ఎర్ర చుక్క నొక్కాను. "కానీ," అన్నాను.

"ట్ర్ర్ర్... హా హా హోయ్... దా దా దా!"

రెండేళ్ళకు నేను మా ఆయన గొంతు అంత దగ్గరగా విన్నాను. రోజూ దొడ్డి దగ్గర మోగుతుంటే దాన్ని ఫోను మోత అనుకున్నాను. అది ఆయన. గట్టు అవతల మేస్తున్న మందంతా తలలెత్తింది. ఆపైన ఒకటే పరుగు. దుమ్ము, గంటలు, అరుపులు. శ్రీశైలం బస్సొకటి రోడ్డు మీద ఆగి హారన్ కొట్టింది. గొర్రెలు వచ్చి నా మోకాళ్ళకు ఆనుకుని నిలబడ్డాయి. మూడో కేక ముగియగానే కోటయ్య ఫోను ఆరిపోయింది.

చుక్క మళ్ళీ నొక్కడం మరచిపోయి, "ఎక్కిందా కోటయ్యా? ఎక్కిందా?" అని అరిచాను. అప్పుడు గుర్తొచ్చి నొక్కాను.

వినిపించి చూశాం. కేక ఉంది, గంటలు ఉన్నాయి, బస్సు హారన్ ఉంది, ఆఖరున నా అరుపు ఉంది.

"చార్జింగు పెట్టి మళ్ళా శుబ్బరంగా తీద్దామా వదినా?" అన్నాడు కోటయ్య.

"వద్దు నాయనా. దొరికింది దొరికినట్టే ఉండనీ. నువ్వు ఈ జన్మకు తేదీ సరిచెయ్యబాక."

హోటలాయన మాకు ఇద్దరికీ భోజనం పెట్టి డబ్బులు వద్దన్నాడు. "కొట్టింది మా పెద్దమ్మే కదా," అన్నాడు. సిగ్గుతో సరిగ్గా తినలేకపోయాను.

ఆదివారం, మళ్ళీ దొడ్డి దగ్గర

నేను దిగేసరికి లారీ వచ్చి ఉంది. బేరగాడు టైరు పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. మంద దూరంగా చెదిరి ఉంది. మా ఆయన మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోను పైకెత్తి నొక్కాను.

నల్లచెవులది తలెత్తింది. ఫోన్‌లోని బస్సు హారన్‌కు ఒకసారి బెదిరి ఆగింది. మళ్ళీ కేక రాగానే కదిలింది. దాని వెనక మంద. శీను దొడ్డి తలుపు తీసి, ఉప్పు తొట్టి ముందుకు లాగి, ఆ తొట్టి మీదే తల పెట్టుకున్నాడు. బేరగాడు కాసేపు చూసి, "ముందే చెప్పొచ్చు కదన్నా," అని గొణిగి ఖాళీ లారీతో పోయాడు. మా ఆయన ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని పది సార్లు విన్నాడు. కొత్త పలక మీద మొదటి మాట రాశాడు. "హారన్ ఎవరిది?"

శీను రీసెట్ సంగతి తనే చెప్పాడు. ఆయన వాడి వీపు మీద చెయ్యి వేశాడు, అంతే.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కాని నిన్న జరిగింది చెప్పకపోతే ఈ కథ రాయించి లాభం లేదు.

నెల దాటింది. మొన్నటి గాలికి కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. నిన్న సాయంత్రం ఫోన్‌లో చార్జింగ్ లేదు. శీను అరిచాడు. మంద వినలేదు. పొద్దు వాలుతోంది, అవతల కంది చేను. వాడు ఫోనును పక్కింటివాళ్ళ ట్రాక్టరు బ్యాటరీకి తగిలించాడు. నేను దొడ్డి దగ్గరినుంచి కేకేశాను.

"ఎక్కిందా శీనా? ఎక్కిందా?"

గంటలు మోగాయి. తిరిగి చూస్తే నల్లచెవులది నా వైపే వస్తోంది. వెనక మందంతా. నేను భయపడి రెండడుగులు వెనక్కి వేశాను. అవి వచ్చి నా మోకాళ్ళకు ఆనుకుని, ఉప్పు తొట్టి కోసం చూస్తూ నిలబడ్డాయి. నెల రోజులుగా ప్రతి సాయంత్రం కేక ఆఖరున అవి వింటున్నది నన్నే.

శీను ట్రాక్టరు దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన మంచం మీదినుంచి లేచి, భుజాలు అదిరిపోయేలా నవ్వాడు, చప్పుడు లేకుండా. పలక తీసుకుని రాసి, నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఎక్కింది."